బూడిదరంగు బొమ్మ చోట

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. కూరగాయలమ్మ తూకం వేస్తుంటే నా చూపు కాటా ముల్లు మీదే ఉంటుంది. గోదావరిఖనిలో ఒక గని ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న రోజుల్లో ఆ బుద్ధి ఇంకా ముదిరింది. ఒకరి పేరు మీద మరొకరు డ్యూటీ చేస్తున్నారని అప్పట్లో గుసగుసలు. బయటపడితే ఉద్యోగం పోయినట్టే.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు, కార్మికులందరికీ కొత్త దవాఖాన కార్డులు చేయమన్నారు. కార్డు నమూనాలో ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు మనిషి బొమ్మ ఉండేది. ఒక్కొక్కటీ చేత్తో మార్చలేక, ఆ బొమ్మ తీసేసి ఫొటో పెట్టే చిన్న కోడ్ రాశాను. మొదటి పది కార్డులు సరిచూసి మిగతావి ధీమాగా ప్రింటు తీశాను.

మా క్వార్టర్ల వరుసలోనే ఉండే, మేమంతా కాకా అని పిలిచే పెద్దాయన మొదటి షిఫ్టు దిగి కార్డు కోసం వచ్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసు, ఆరు నెలల్లో రిటైర్మెంటు. ఆయన నంబరు కార్డు తీస్తే అందులో ఎవరో గుబురుమీసాల మనిషి.

"కాకా, నీ నంబరు మీద నువ్వు లేవు. ఈయనెవరు?"

ఆయన ముఖం పాలిపోయింది. తలుపు వైపు చూశాడు.

"జర మెల్లగ, బిడ్డా. ఆ పేరు మా అన్నది. నౌకరి ఆర్డరు వచ్చినంక జరమొచ్చి సచ్చిపోయిండు. ఇంట్ల తిందామంటె గింజ లేకుండె. ఆయన పేరు మీద నేను దిగిన. ఇప్పుడు బయటపడితే అంతా పోతది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, పట్టేశానని లోపల సంతోషపడ్డాను.

అంతలో ఆయన చెయ్యి చాచాడు. "మా అన్న ఫొటో నీకెక్కడ దొరికింది? మా ఇంట్ల ఒక్కటి లేదు. ఓసారి సూడనియ్యి."

కిటికీ దగ్గరికి వెళ్లి, కార్డును దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "మా అన్న గాదు," అన్నాడు. ఆ గొంతులో భయం కన్నా నిరాశే ఎక్కువ ఉంది.

అప్పుడు ఆయనకు ముందున్న నంబరు కార్డు తీసి చూశాను. దాని మీద కాక ముఖం! జాబితాలో పైన ఎవరో ఒకరు ఫొటో దిగలేదు. నంబరు చూడకుండా నా కోడ్ ఉన్న ఫొటోలను వరసగా పెట్టుకుంటూ పోయింది. అక్కడినుంచి ఒకరి కార్డులోకి తర్వాతివాళ్ల ఫొటో వచ్చింది.

"తప్పు నాదే కాకా. నీ ఫొటో మంచిగనే ఉన్నది."

ఆయన చేతిలోని కార్డు నా బల్ల మీద పెట్టాడు. "అంటే నేను చెప్పకున్నా నడుస్తుండెనా?"

కోడ్ సరిచేసి, వాళ్ల అన్న పేరు పక్కన ఆయన ముఖం పెట్టి ప్రింటు తీసి ఇచ్చాను.

ఎవరికీ చెప్పలేదు. అయినా ఆ రోజునుంచి కాక నేను ఎదురైతే సందు మారేవాడు. వాళ్లింటి నుంచి మాత్రం ఎన్నడూ లేనిది సర్వపిండి రొట్టెలు రావడం మొదలైంది. నాకు తినబుద్ధయ్యేది కాదు.

రిటైరైన రోజు మెడలో పూలదండతో వచ్చి నా బల్ల మీదకు వంగాడు.

"ఎవ్వలకు చెప్పలే గదా, బిడ్డా?"

"చెప్పలే కాకా."

ఆయన నమ్మలేదు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆయన చోట నేనున్నా నమ్మేదాన్ని కాదు.