నా పాటతో కాలం కొలిచిన మాస్టారు

ఈ దేశంకాని దేశంలో, మా ట్రాయ్ ఊళ్ళో హైస్కూల్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన మాస్టారు మొన్న మంగళవారం పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నా పక్కన పరిశుద్ధ గ్రంథం తెరిచే ఉంది, ఎప్పుడూ ఉంటుంది. ఆ పూట మాత్రం ఒక్క మాటా చదవలేకపోయాను.

ఆయన మా పక్కింటివారు. రోజూ దేవుడి దగ్గర దీపం పెట్టుకునే మనిషి. అయినా పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో మా బేస్‌మెంట్‌లో ఆదివారం ప్రార్థన కూడిక పెడితే, వచ్చి వెనక కూర్చునేవారు. "తెలుగు వినడానికి వస్తున్నానండీ బ్రదర్ గారూ. నన్ను మార్చే పని పెట్టుకోకండి" అనేవారు నవ్వుతూ.

కార్ల ప్లాంట్‌లో షిఫ్టులు చేసుకుంటూ సొంతంగా వాక్యం చదువుకుని, ప్రసంగించడం నేర్చుకున్నవాణ్ణి నేను. నాకున్న పరువంతా నా గొంతులోనే ఉండేది. ఒక ఆదివారం బల్ల గుద్ది చెప్పాను: బరువైన రాయి ముందు పడుతుంది, తేలికది తర్వాత, పాపం బరువెక్కినవాడూ అంతే, అందరికన్నా ముందు పడతాడు. అందరూ ఆమెన్ అన్నారు. కూడిక అయ్యాక మాస్టారు నా దగ్గరికొచ్చారు.

"పాపం సంగతి మీకు తెలుసు. రాయి సంగతి మాత్రం తప్పండీ."

"తరతరాలుగా పెద్దలు చెప్పిందే కదా?"

"పెద్దల్ని అడిగారు. రాయిని అడిగారా?"

శనివారం తన గ్యారేజీకి పిలిచారు. పొడుగాటి చెక్కని ఒకవైపు కొంచెం ఎత్తి, అడ్డంగా మూడు సన్నటి దారాలు కట్టి ఉంచారు. పైనుంచి మొదటి దారానికి జానెడు, అక్కణ్ణుంచి రెండోదానికి మూడు జానలు, ఆ తర్వాతదానికి ఐదు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఒక పండితుడు, నేరుగా పడేది కంటికి అందదని, వాలు మీద గుండ్లు దొర్లించి చూశాడట. సరైన గడియారాలు లేని రోజులవి. పాట దరువుతో కాలం కొలిచి ఉంటాడని కొందరి ఊహ.

"మీరు పాడండి. దరువు తప్పకూడదు. ఇవాళ గడియారం మీరే."

తొడ మీద తాళం వేస్తూ కీర్తన అందుకున్నాను. తాళం పడగానే బరువైన ఇనుప బేరింగ్ గుండు వదిలారు. దారానికి తగిలినప్పుడల్లా చప్పుడు. టక్, టక్, టక్. మూడు దూరాలూ వేరు, మూడు చప్పుళ్ళూ నా తాళం మీదే పడ్డాయి. తర్వాత తేలికైన గాజు గోళీ. అదే దరువు. రెండూ పక్కపక్కన వదిలితే కలిసే దిగాయి.

"చెక్క వంకరేమో" అన్నాను. చెక్క తిప్పారు. "మీరు తోశారేమో" అన్నాను. నన్నే వదలమన్నారు. పదకొండుసార్లు వదిలాను.

"అనుమానపడండి బ్రదర్ గారూ. తీరేదాకా మళ్ళీ చేయండి. ఆ ఇటలీ ఆయన నేర్పింది ఇదే."

సమస్తాన్నీ పరీక్షించమని వాక్యంలోనే ఉందని ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో. నేనే పరీక్షించలేదు.

మర్నాడు అందరి ముందూ నిలబడ్డాను. ఒప్పుకుంటే రేపటినుంచి నా మాట ఎవరు వింటారు? "పోయిన వారం చెప్పిన రాయి మాట నిజం కాదు. నేను చూడకుండా చెప్పాను" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ముందు వరసలో ఒకాయన కోటు వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నా కుర్చీలోకి వెళ్ళబుద్ధి కాలేదు. నడుచుకుంటూ వెనక్కి పోయాను. మాస్టారు నా వైపు చూడకుండానే బెంచీ మీద కొంచెం పక్కకి జరిగారు. నేను కూర్చున్నాను. ఆ చోటు ఇంకా వెచ్చగా ఉంది.