చివరి పెట్టె మెట్టు

నా చిన్నప్పుడు మా తాతయ్య చేసిన బొమ్మ రైలును నర్సీపట్నంలో ఒక బడికి ఇచ్చాను. ఇచ్చి తప్పు చేశానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. కిందటేడు బడివాళ్లు రైలుకు కొత్త రంగులు వేయించినప్పుడు, చివరి పెట్టెకు వంగి ఉన్న మెట్టును ఎవరో తిన్నగా చేసేశారు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని బడికి మూడు ఉత్తరాలు రాశాను. రెండుసార్లు వెళ్లి వరండా బల్ల మీద కూర్చుని వచ్చాను. "చూద్దాం మాస్టారూ" అన్నవారే తప్ప జవాబు చెప్పినవారు లేరు. నేను మాస్టారునీ కాదు.

మా తాతయ్య రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. బొమ్మ రైలు పెట్టెలను ఎస్. రాయవరం వైపు లక్కబొమ్మలు చేసేవాళ్ల చేత అంకుడు కర్రతో చేయించుకున్నాడు. చిన్న చిన్న భాగాలను మాత్రం ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. తలుపు పిడులకు రాగి తీగ, దీపాలకు పూసలు, మెట్లకు పౌడరు డబ్బా రేకు. మనిషి అగ్గిపుల్లంత ఉంటాడనుకుని, పుల్లను పక్కన నిలబెట్టి ప్రతిదీ కొలిచేవాడు. వచ్చిన వాళ్లందరితో మా నానమ్మ, "ఊరికి రైలు నేదు గానీ మా ఇంటికొచ్చీసింది. ఎక్కుతారేటి?" అనేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, చివరి పెట్టె తలుపు కింద మెట్టు ఒక పక్కకు వంగి ఉండటం చూశాను. పటకారుతో తిన్నగా చేసి, మెచ్చుకుంటాడని అక్కడే కూర్చున్నాను.

తాతయ్య వచ్చి పెట్టెను చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఎందుకు సేసినావురా?"

"వంకరగా ఉంది తాతయ్యా. నీ సెయ్యి వణికిందనుకున్నాను."

"సర్లే. అడిగితే సెప్పినావు కదా," అని పటకారు అందుకుని మెట్టును మళ్లీ మునుపటిలాగే వంచాడు.

వంచుతూనే సంగతి చెప్పాడు. ఒక వానాకాలం, కొండచీపుళ్ల మోపుతో ఏజెన్సీ నుంచి దిగివచ్చిన ఒకతను రైలు చివరి పెట్టె ఎక్కబోయాడు. ఆ పెట్టె మెట్టు అప్పటికే వంగి ఉంది. అది తాతయ్యకు తెలుసు, బాగుచేయమని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పక్కకు చూడకుండానే పచ్చజెండా ఊపాడు. బండి కదిలింది, అతని కాలు జారింది. మోకాలి కింది భాగం పోయింది. తాతయ్య ఆసుపత్రికి వెళితే అతను తిట్టలేదు, ఏడవలేదు. "బాబూ, నన్ను సూణ్ణేదా?" అని మాత్రం అడిగాడట.

"నువ్వేటి సెప్పేవు తాతయ్యా?"

"ఏటీ సెప్పనేదురా. తల దించుకుని వచ్చీసేను. మళ్లీ ఎల్లేసరికి ఆళ్లోళ్లు కొండకి తీసుకుపోయారు. సూణ్ణేదు, తప్పు నాదేనని ఒక్క మాట అనుంటే సరిపోయీది. అడిగినోణ్ణి అలా వొదిలీకూడదు."

ఆ మాట నాలో ఉండిపోయింది. నన్ను ఎవరేం అడిగినా జవాబు చెప్పకుండా లేవను. నేను అడిగినదానికి జవాబు వచ్చేదాకా ఊరుకోను కూడా. మా ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తమంటారు. అననీ. బడిలో నా మొదటి ఉత్తరాన్ని విప్పకుండా టీ గ్లాసు కింద పెట్టుకున్న మనిషి ముఖం నాకింకా గుర్తుంది.

మెట్టును తిన్నగా చేసినవారి మీద కోపం లేదు. ఆ పని నేనూ చేసినవాణ్ణే. దాన్ని తిరిగి వంచడానికి నాకు పది నిమిషాలు చాలు. ముందు ఎవరు చేశారో, ఎందుకు చేశారో, బడివాళ్లారా, మీలో ఒక్కరు నా ఎదురుగా నిలబడి చెప్పండి.