నడక మాస్టారు ఒప్పుకున్న తప్పు

నడక మాస్టారికి ఎవరి నడకా నచ్చదు. పెళ్లికూతురు నడిచి వస్తుంటే అందరూ ముఖం చూస్తారు, ఆయన మాత్రం మడమలు చూస్తారు. ఆసుపత్రికి వెళ్లినా అంతే. "అమ్మాయ్, కుడికాలు బయటికి విసురుతున్నావు, చూసుకో" అని నర్సుకే వైద్యం చెప్పి వస్తారు.

నిజానికి ఆయన పని లేత్ మిషను మీద. కెమెరా కుదుపు లేకుండా నడుస్తూ తీయడానికి సినిమావాళ్లు ఒంటికి తగిలించుకునే రిగ్గులుంటాయి. ఒంటికో జాకెట్టు, దానికి స్ప్రింగుల చెయ్యి, ఆ చేతి చివర కెమెరా. పాత రిగ్గులకి విడిభాగాలు చేయడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. ఏ బేరింగు అరిగినా, ఏ బిగింపు విరిగినా మాస్టారి షెడ్డే దిక్కు.

అయితే విరిగిన ముక్క బల్లమీద పెట్టి, ఇలాంటిదే ఇంకోటి కావాలంటే కుదరదు.

"నడువు," అంటారు.

"పార్టు కోసం వచ్చానండీ."

"పార్టు ఎక్కడికీ పారిపోదు. ముందు నడువు."

రిగ్గు తగిలించుకుని గేటుదాకా వెళ్లి రావాల్సిందే. మాస్టారు స్టూలెక్కి, కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని తిట్లు అందుకుంటారు. "బస్సు వెళ్లిపోతోందా? ఆ భుజమేంటయ్యా, అద్దెకి తెచ్చావా?" ఎదురింటి టైలరు కుట్టు ఆపి మరీ చూస్తాడు.

పార్టు బిగించాక కెమెరా ఏమాత్రం ఊగినా తప్పు నడకదే. "నా పార్టులో తప్పా? లేత్ ముందు నిలబడి అను ఆ మాట!" అని విరుచుకుపడతారు. 'తప్పు నాది' అన్న మాట ఆయన నోట వినాలని ఆయన భార్యకి పెళ్లైన నాటినుంచీ ఆశ. ఆ ఆశ తీరనే తీరింది. కాకపోతే ఆయన అన్నది ఆవిడతో కాదు.

ఆరోజు పొద్దున్నే పెద్ద కెమెరామన్ వచ్చాడు. మాస్టారి ఈడువాడు, పాత ఖాతాదారు. ఆమధ్య ఆయన రిగ్గులో, నడుం దగ్గర స్ప్రింగుల చెయ్యి తగిలించే దిమ్మ పగిలింది. షూటింగు హడావిడి అని చెప్పి ముక్క ఒక్కటే పంపాడు. నడక చూడకుండా పని చేయాల్సి వచ్చినందుకు సణుక్కుంటూనే మాస్టారు అచ్చం అలాంటిదే చేసి పంపారు. ఇప్పుడు కెమెరామన్ వెనకే డైరెక్టరమ్మ కూడా దిగింది.

"కెమెరా కుడివైపుకి వాలిపోతోంది మాస్టారూ. రేపు మెట్ల మీంచి హాలు చివరిదాకా ఒకటే షాటు. ఈయన వల్ల కాకపోతే వేరే ఆయన్ని పిలుచుకోవాలి. లోపం మిషన్‌దా, మనిషిదా? మీరు ఎవర్నీ వదిలిపెట్టరట కదా, మీరే చెప్పండి."

"నడువు," అన్నారు మాస్టారు.

కెమెరామన్ నడిచాడు. టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన మాస్టారి భార్య అక్కడే ఆగిపోయింది. ఎడమకాలు ఆనినప్పుడల్లా ఆ మనిషి పెదవి బిగుసుకుంటోంది. ఒళ్లు కుడివైపుకి ఒరుగుతోంది. నడకల సంగతి తెలియని తనకే కనిపిస్తోంది, ఇక ఈయన ఊరుకుంటారా? ఒక్క మాటతో పాపం ఆ కెమెరామన్ పొట్టకొడతారు కాబోలు అనుకుంది ఆవిడ.

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నడకకేం, భేషుగ్గా ఉంది. తప్పు నాదే. దిమ్మ వంకరగా కోశాను."

ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి. టైలరు టేపు మెడలో వేసుకుని ఏకంగా వీధిలోకి వచ్చేశాడు.

"మీరా? తప్పా?" అంది డైరెక్టరమ్మ.

"ఏం, నేను మనిషిని కానా? చెయ్యి వణికింది. మధ్యాహ్నానికి సరిచేసి ఇస్తాను."

డైరెక్టరమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది. కారు మలుపు తిరిగిందో లేదో మాస్టారు కెమెరామన్‌ని స్టూలు మీద కూలేశారు.

"మోకాలు ఎప్పణ్ణుంచి?"

"మెట్ల మీద జారానండీ. తెలిస్తే ఇంటికి పంపించేస్తారు."

"అందుకన్నమాట, ముక్కని పంపి నువ్వు రాలేదు! రేపటి షాటు అవగానే డాక్టరు దగ్గరికి వెళ్లు. లేకపోతే నా గడప తొక్కకు."

రిగ్గులోంచి ఊడదీసిన దిమ్మకి మాస్టారి భార్య మూలమట్టం ఆనించి చూసింది. వెంట్రుక దూరే సందు కూడా లేదు.

"ఇది తిన్నగానే ఉంది కదండీ?"

"అదే దాని రోగం. తిన్నగా నడిచేవాడికి చేశాను."

కొత్త దిమ్మని ఈసారి కావాలనే ఎడమవైపుకి రవ్వంత ఏటవాలుగా కోశారు. ఆకురాయి పెట్టడం, కెమెరామన్‌ని రెండడుగులు వేయించడం, మళ్లీ ఆకురాయి. చివరికి ఆయన ఎంత ఒరిగినా కెమెరా నిటారుగా నిలబడింది. అప్పటికి గానీ ఆవిడకి అర్థం కాలేదు. ఒకసారి నడుం నొప్పితో వచ్చిన, వీడియోలు తీసే అమ్మాయికి బిగింపు వేరేగా చేసిచ్చినప్పుడు, కొలతలు మరిచిపోయారని తనే వెక్కిరించింది. ఇన్నాళ్లూ ఈయన తిడుతున్నది నడకల్ని, వెతుకుతున్నది నొప్పుల్ని. ఆవిడకి మొగుడిమీద ఒక్కసారిగా బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మర్నాడు సాయంత్రం కెమెరామన్ ఫోను చేశాడు. షాటు మొదటిసారికే ఓకే అయింది, డాక్టరు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఈలోగా టైలరు పుణ్యమా అని మాస్టారి చెయ్యి వణికిన కబురు వీధులన్నీ చుట్టేసింది.

"మాస్టారు వంకరగా కోశారట అని అందరూ నవ్వుతున్నారండీ. ఉన్న పరువు కాస్తా పోయింది," అంది ఆవిడ, తనూ నవ్వుతూ.

"పోతే పోనీవే," అన్నారు మాస్టారు లేత్ తుడుస్తూ. "పరువంటావా, ఇంకోటి చేసుకుంటాను. మోకాలైతే నాకు చెయ్యడం రాదు."