జేరాంభాయ్ చెవి

సూరత్‌లో మా కార్ఖానాలో ఒక్కో ఘంటీ చుట్టూ నలుగురం కూర్చుంటాం. వజ్రాన్ని అరగదీసే చక్రం అది. జేరాంభాయ్ నా పక్కనే. ఆయన నోరు ఆ చక్రం కన్నా ఎక్కువ తిరుగుతుంది. రాయిని చక్రానికి ఆనించి, చెవి ఒగ్గి, ఇది గనిలో పుట్టింది, ఇది పొయ్యిలో పుట్టింది అని తేల్చేస్తాడు. వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

ఆయన కోడలు జల్పా పనిచేసేది ఆ పొయ్యి దగ్గరే. పల్చటి వజ్రపు రేకుని యంత్రంలో పెట్టి, గ్యాసు వదిలి, భగభగ వేడెక్కిస్తే వారాల తరబడి పొర మీద పొర పేరుకుంటుంది. తీసేసరికి అంచులు మాడిన రొట్టెలా ఉంటాయి. ఆ నలుపు లేజరుతో కోసేస్తారు. జల్పాకి ఆ పనంటే ప్రాణం. నకిలీ సరుకు వండడం మానేయమని మామగారు రోజూ పోరు పెట్టేవాడు. అత్తగారు లాభుబెన్ మాత్రం గాజురాయి ముక్కుపుడకతో నవ్వి ఊరుకునేది. మొగుడు జీవితమంతా వజ్రాలే చెక్కాడు గానీ ఒక్కటీ ఆవిడ ముక్కు దాకా రాలేదు.

ఒకరోజు చాయ్ వేళకి జల్పా వచ్చింది, మా యజమాని సేఠ్ దగ్గర అడిగి తెచ్చిన రెండు రాళ్లతో. రెండూ గుండ్రంగా తీసినవే, పలకలు పెట్టడమే మిగిలింది.

"ఒకటి గనిది, ఒకటి నాది మావయ్యా. ఏది నాదో చెప్పండి. చెబితే రేపే ఉద్యోగం మానేస్తాను. చెప్పలేకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకండి."

కార్ఖానా అంతా మా ఘంటీ చుట్టూ మూగింది. జేరాంభాయ్ మీసం దువ్వుకుని కూర్చున్నాడు. ఆనించాడు, విన్నాడు, తిప్పాడు, భూతద్దంలో చూశాడు. మా చాయ్‌లు చల్లారిపోయాయి. పలకలన్నీ పెట్టాక ఒక రాయి పైకెత్తాడు.

"గనిది ఇదే. ఎంత కమ్మగా పలికిందో! ఆ రెండోది కీచుమంటోంది, పొయ్యి సరుకు."

సేఠ్ రెండింటినీ పరీక్ష యంత్రంలో పెట్టాడు. కమ్మగా పలికింది జల్పా రాయి.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి? జేరాంభాయ్ మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆ రాయిని చొక్కా అంచుతో తుడిచి చాలాసేపు చూశాడు.

"ఇది మనం కొనగలమా అమ్మా?"

"కొనగలం మావయ్యా."

"అయితే మీ అత్త ముక్కుపుడకలో పెట్టించు. వండింది నువ్వని చెప్పు," అని మళ్లీ మీసం దువ్వుకున్నాడు. "చెక్కింది నేనని కూడా చెప్పు."