తేలియా రుమాలు, నేను చెయ్యని వాదన

మొన్న ముసురు పట్టిన రోజున మా ఇంటామె బీరువా ఖాళీ చేస్తూ, ఇంక తొడుక్కునే పని లేని నా నల్లకోటును ఎవరికన్నా ఇచ్చేద్దామని దులిపితే, దాని మడతలోంచి ఎరుపూ నలుపూ గళ్ళ రుమాలొకటి జారిపడ్డది, దాని వెంటే గదంతా నూనె వాసన. మగ్గాలోళ్ళకు ఆ వాసన గురించి చెప్పనక్కరలేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెప్తున్న: అది తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిద కలిపిన నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, ముడులు కట్టి రంగుల్లో ముంచి నేస్తరు. ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన పోదు, నెత్తికి చుట్టుకుంటే ఎండ దిగదు. ఒకప్పుడు మా నల్లగొండ మగ్గాల మీంచి దిగి, బొంబాయిలో ఓడెక్కి, అరబ్బు దేశాల దాకా పోయి అక్కడివాళ్ళకు తలగుడ్డ అయ్యేది.

ఈ రుమాలు కేసు సంగతి నేను చెప్పని జాగా లేదు. కోర్టు బార్ రూములో చెప్పిన, దవాఖానలో షుగర్ పరీక్షకు నిలబడ్డ వరుసలో చెప్పిన. చెప్పిన ప్రతిసారీ అది కొంచెం పెరిగింది. దేవరకొండలో ఒక పెండ్లి బంతిలోనైతే, పొద్దటి నుంచి కోర్టు లేచేదాకా ఒంటికాలి మీద వాదించిన్నని, జడ్జిగారు అద్దాలు తీసి రెండు కండ్లూ తుడుచుకున్నరని, సర్కారు వకీలు కాగితాలు సంకన పెట్టుకొని బయటికి నడిచిండని చెప్పుకొచ్చిన. పక్కనే బూరె తుంచుతున్న మా ఇంటామె, "పోయినసారి ఒక్క కన్నే గద తుడుచుకున్నది" అన్నది. ఇప్పుడు ఆమె పక్కనే కూర్చొని ఉండగా రాస్తున్న కాబట్టి, ఇది నమ్మవచ్చు. చాలా మటుకు.

తెలంగాణ వచ్చి కొన్నేండ్లు గడిచినయి, నేను కోర్టుకు పోవుడు తగ్గించిన. మా మనుమరాలి దోస్తు ఒక పిల్ల, పోచంపల్లి దిక్కు మగ్గాలోళ్ళ బిడ్డ, నల్లగొండలో ఎమ్మే చదువుతూనే టీచరు పరీక్ష రాసి కొలువుకు ఎంపికైంది. గాజాలో ఇండ్ల మీదా దవాఖానల మీదా బాంబులు పడుతున్న రోజులవి. ఆ పిల్లా, తరగతిలోని ఇంకొందరూ కలిసి ఒక సాయంత్రం గడియారం సెంటర్లో, పాలస్తీనా పిల్లలను బతకనియ్యండి, వాళ్ళ నేల మీద వాళ్ళకు హక్కున్నది అని అట్టల మీద రాసి పట్టుకొని, మెడల్లో ఈ రుమాళ్ళు వేసుకొని నిలబడ్డరు. పెద్దగా నినాదాలు కూడా ఇయ్యలేదు. పక్కన మిరపకాయ బజ్జీల బండి గిరాకీ కూడా ఆగలేదు. కాకపోతే వేరే ఏదో ఊరేగింపు గొడవకు, మంది గుమిగూడొద్దని అధికారులు ఇచ్చిన ఉత్తర్వు ఒకటి అప్పటికి అమలులో ఉన్నదట. ఆ సంగతి పిల్లలకు తెల్వదు. జీపు వచ్చింది, పేర్లు రాసుకున్నరు, ఉత్తర్వు మీరిన్రని కేసు పెట్టిన్రు.

పంచనామాలో ఏమని రాసిన్రో తెలుసునా? విదేశీ గుర్తులున్న గుడ్డలు స్వాధీనం చేసుకున్నమని. నల్లగొండ గుడ్డను నల్లగొండ ఠాణాలో విదేశీదని మూటగట్టి లక్కముద్ర వేసిన్రు. నేను దూరం నుంచే వాసనపట్టి ఇది మన గుడ్డేనని చెప్పిన్నని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పిన గానీ, ఆ పిల్ల చెప్పేదాకా నేనూ అది అరబ్బులదే అనుకున్న.

కేసు నడుస్తుంటే పోలీసు విచారణ కాగితం రాదు, ఆ కాగితం లేనిది కొలువు రాదు. వాళ్ళ బాపు బిడ్డను తీసుకొని మా ఇంటికి వచ్చిండు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చొని, "వకీల్ సాబ్, ఏమన్న చెప్పున్రి, జర ఈ కేసు పోయేటట్టు చూడున్రి" అన్నడు. నాకు పండుగైంది. పిల్లలు మన చేనేత గుడ్డ ప్రచారానికి నిలబడ్డరనీ, ఆ అట్టలు ఎవరో తెచ్చి చేతిలో పెట్టిన్రనీ, పాలస్తీనా గీలస్తీనా వీళ్ళకు తెల్వనే తెల్వదనీ చెప్దామన్న. బాపు ముఖం విప్పారింది. పిల్ల మాత్రం తల అడ్డంగా ఊపింది.

"రుమాలు మనదని చెప్పు తాతా. ఎందుకు వేసుకున్ననో అది కూడా చెప్పు. మా తాత నేసింది ఆ దిక్కోళ్ళ నెత్తికి నీడైంది. ఇప్పుడు ఆ నెత్తుల మీద ఏం పడుతున్నదో రోజూ ఫోన్ల చూస్తున్న. తెల్వదని ఎట్లనాలె?"

"కొలువు పోతది బిడ్డా."

"పోతే మగ్గం ఉన్నది గద, బాపూ."

"ఆ మగ్గం మీద కూసోవద్దనే గద నిన్ను సదివిచ్చింది" అని ఆయన లేచి వసారాలోకి పోయి, మాకు వీపు పెట్టి చానాసేపు నిలబడ్డడు. పిల్ల కండ్లల్లో నీళ్ళు తిరిగినయి గానీ మాట తిరగలేదు. ఎన్నో కేసుల్లో ఎంతోమందికి అబద్ధాలు అందంగా అల్లి ఇచ్చిన నేను, ఆ రోజు అల్లిక అట్లనే పక్కన పెట్టిన.

ఆ తర్వాత రాజ్యాంగం పుస్తకం దుమ్ము దులిపి, మాట్లాడే హక్కు గురించీ, ఆయుధం లేకుండా శాంతంగా ఒకచోట కూడుకునే హక్కు గురించీ, దూరదేశపు మనిషికి దుఃఖపడే హక్కు గురించీ అద్దం ముందర నిలబడి వాదించుకున్న. మా ఇంటామె బియ్యంలో రాళ్ళు ఏరుతూ అభ్యంతరాలు లేవదీసేది, వాటిలో కొన్ని నిజంగానే గట్టివి. అంత మంచి వాదన నా వకాలత్ మొత్తంలో నేనెన్నడూ తయారు చెయ్యలేదు. ఇది పెంచి చెప్తున్నది కాదు, ఆమె కూడా ఒప్పుకుంటున్నది.

వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి ఆ రోజు వచ్చింది. నేను కోటు సవరించుకొని, గొంతు సవరించుకొని లేచిన. వయసులో నా బిడ్డకన్నా చిన్నదైన జడ్జిగారు ఫైలు తిప్పుతూ, ఉత్తర్వు ఇచ్చిన అధికారి రాసిచ్చిన ఫిర్యాదు ఏదని సర్కారు వకీలును అడిగింది. ఇట్లాంటి కేసులో ఆ అధికారే స్వయంగా కోర్టుకు రాసియ్యాలె, పోలీసు చార్జిషీటు ఒక్కటే చాలదు. ఆ మాట నా పిటిషన్లోనూ ఉన్నది గానీ, మహావాదన ముందర చప్పగుంటదని నేనే దాన్ని ఆఖరి పేరాకు నెట్టిన. ఫిర్యాదు లేదు. ఇదే గదా మీ అభ్యంతరం అని ఆమె నన్నడిగింది. "అవును మేడమ్" అన్న. ఆ కోర్టులో ఆ కేసు గురించి నేను మాట్లాడిందంతా అదే. కేసు కొట్టేసిన్రు. ఎవరూ అద్దాలు తియ్యలేదు.

బయట వేపచెట్టు కింద వాళ్ళ బాపు నా చేతులు పట్టుకొని వదలలేదు. పిల్ల అడిగింది, "తాతా, మేం చేసింది తప్పు కాదని రాసిన్రా?" లేదు బిడ్డా, కేసు పెట్టిన తీరు తప్పని రాసిన్రు అన్న. "మరి ఆ మాట ఎవరు చెప్తరు?" అన్నది. ఠాణా మూట విప్పి ఇచ్చిన రుమాలును, ఫీజు తీసుకోలేదని నా భుజం మీద వేసి పోయింది. ఇప్పుడు దేవరకొండ అవతల ఒక తండా బడిలో పాఠాలు చెప్తున్నది.

నేను పెండ్లి బంతుల్లో ఎందుకట్ల పెంచి చెప్తనో మా ఇంటామెకు తెలుసు. కోర్టులో అనలేకపోయిన ఆ మాటలే, ఎక్కడ నలుగురు కనపడితే అక్కడ ఇంకా గొంతులోంచి తన్నుకొస్తుంటయి.

మా కాలేజీ రోజుల్లో వియత్నాం కోసమని ఇదే గడియారం సెంటర్లో ఊరేగింపు తీసినం. ఆ దేశం పటంలో ఎక్కడుంటదో మాలో చాలామందికి తెల్వదు, గొంతులు మాత్రం పోయేదాకా అరిచినం. చీకటి పడ్డంక హాస్టలుకు చేరితే, గేటు దగ్గర వార్డెన్ మమ్మల్ని అడిగింది ఒక్కటే, అన్నం తిన్నరా అని. అక్కడ జరిగేదంతా తెలిసి, గొంతు కూడా పెంచకుండా నిలబడ్డ ఈ పిల్లలను జీపులో వచ్చినోళ్ళు అడిగింది మాత్రం పేరు, తండ్రి పేరు, ఊరు.