నల్లా వచ్చే రోజు పలికిన ఆకాశం

ఇప్పుడంటే ఫోను ఉన్న ప్రతివాడికీ ఆకాశం మీద ఒక అభిప్రాయం ఉంది గానీ, నేను డిగ్రీ చదివే రోజుల్లో మా చిక్కడపల్లి గల్లీలో తలెత్తి పైకి చూసేవాళ్లు రెండే రకాలు. వడియాల మీద కాకి వాలుతుందేమోనని చూసేవాళ్లు, ట్యాంకు నిండి పొర్లుతోందేమోనని చూసేవాళ్లు. మూడో రకాన్ని నేనొక్కదాన్నే. ఆ పైన ఎక్కడో మనలాగే ఆలోచించేవాళ్లు ఉంటే, వాళ్లు రేడియోలో ఏమైనా చెబుతుంటే విందామని, మేడ మీద ఒక నూనె డబ్బాను ఆకాశానికి గురిపెట్టి కూర్చునేదాన్ని. (అమ్మ బియ్యం పోసుకోవడానికి దాచుకున్న పెద్ద డబ్బా అది. ఇప్పటికీ ఇంట్లో బియ్యానికి పురుగు పడితే ఆ పాపం నాదే.) ఆ వయసులో మనిషికి తన మీద తనకు ఎంత నమ్మకమో తలుచుకుంటే ముచ్చటేస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది.

ఈ పిచ్చి ఎక్కించింది నారాయణగూడలో మా కాలేజీ ఫిజిక్స్ మేడం. మేము ఏం చెప్పినా ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి "అయితే?" అనేది. అందుకని ఆవిడకు అయితే మేడం అని పేరు పెట్టుకున్నాం. విశ్వమంతా హైడ్రోజన్ నిండి ఉందనీ, దానికి రేడియోలో ఒక సొంత ఫ్రీక్వెన్సీ ఉందనీ, తెలివున్న ఏ జీవికైనా ఆ సంగతి తెలిసే ఉంటుంది కాబట్టి పలకరించాలనుకుంటే ఆ దగ్గర్లోనే పలకరిస్తుందని శాస్త్రవేత్తలు అక్కడ చెవి పెట్టి వింటున్నారనీ ఒకరోజు చెప్పింది. "మరి ఎవరన్నా పలికిన్రా మేడం?" అని అడిగితే, "ఇంకా లేదు. వినుడు మాత్రం ఆపలేదు" అంది. ఆ చివరి ముక్క నా బుర్రలో దిగబడిపోయింది. కోఠీకి పోయి, కంప్యూటరుకు తగిలించే వేలెడంత రేడియో ఒకటి కొనుక్కొచ్చాను. డబ్బాకు చిల్లు పొడిచి తీగ దూర్చాను. ల్యాప్‌టాప్ తెర మీద నీలంగా వానజల్లులా ఏదో జారుతుంటే, విశ్వం నాతో మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుంటోందని అనుకున్నాను.

మా నాన్నకు మాత్రం అది డబ్బానే. ఆయన ప్రభుత్వ గుమాస్తా, దానికంటే ముఖ్యంగా మా గల్లీ సంఘానికి ప్రెసిడెంటు. గల్లీలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, పాలప్యాకెట్లు వచ్చే వేళకు వచ్చేవి. కొందరు దొంగచాటుగా నల్లాకు మోటారు బిగించి నీళ్లు గుంజుతున్నారని అనుమానం. నాన్న ప్రతి మీటింగులోనూ వేలెత్తి గర్జించేవాడు. "నల్లాకు మోటార్ పెట్టుడంటే పక్కింటోళ్ల నోటికాడి నీళ్లు గుంజుకునుడే! దొరికితే ఎవ్వరైనా సరే, నల్లా కట్ చేపిస్త!" ఎదురింటి అత్తమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది. ఆమె నల్లాలో నీళ్లు దారంలా కారేవి మరి.

ఆ ఏడాది నా చదువు దగ్గర పంచాయితీ పడింది. నాకు అడిక్‌మెట్ పక్క యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయాలని. నాన్నకు నన్ను అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగులో వేయాలని. (ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పిల్లలు వచ్చి, ఇరుకు రూముల్లో కిరాయికుండి మరీ చదువుతుంటే, నడిచిపోయే దూరంలో ఉన్న నేను పోకపోవడం ఆయనకు దైవద్రోహంలా ఉండేది.) చివరికి ఒకరోజు అన్నాడు, "సరే బిడ్డా, ఆ డబ్బాల నుంచి ఒక్కటంటే ఒక్కటి పనికొచ్చేది తీసి చూపియ్యి. ఎమ్మెస్సీ చదువుకో. లేకుంటే వచ్చే సోమవారం కోచింగ్ల కూసోవాలె." నా బతుకు నూనె డబ్బా మీద పడింది.

అడిగినట్టే అది పలికింది! ఒక పొద్దున తెర మీద నీలం చీల్చుకుని తెల్లటి చార వచ్చింది. కాసేపు ఉండి ఆగింది. మళ్లీ వచ్చింది, ఆగింది. మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడు అదే వేళకు మళ్లీ అదే తంతు. ఎవరో రెండు మాటలు చెప్పి, జవాబు కోసం ఆగి, మళ్లీ చెబుతున్నట్టు ఉంది. గాలివాన అట్లా ఆగి వింటుందా? తెలివున్న ప్రాణి మాత్రమే ఆగుతుంది. నాకు ఒళ్లంతా పులకరించింది. అమ్మను లాక్కొచ్చి చూపిస్తే "ఇందుకా నా డబ్బా ఖరాబ్ చేసినవ్" అని పిండి కలపడానికి పోయింది.

నేను ఊరుకుంటానా? మా అయితే మేడంను ఇంటికి పిలిచాను. ఎదురింటి అత్తమ్మ పిలవకుండానే వచ్చింది. నాన్న మెట్లెక్కడానికి ఎందుకో తెగ వెనకాడాడు. "నల్లా వచ్చే టైము, నీళ్లు పట్టాలె" అన్నాడు. నేను బతిమాలితే వచ్చి, పిట్టగోడకు ఆనుకుని మాటిమాటికీ కిందికి చూస్తూ నిలబడ్డాడు. వేళైంది. అందరం తెర వైపు చూస్తున్నాం. నీలం జల్లు తప్ప ఏమీ లేదు. నా అరచేతులకు చెమటలు పట్టాయి. "సోమవారం..." అని నాన్న మొదలుపెట్టి, "ఒక్క నిమిషం, నల్లా చూసొస్త" అని దిగిపోయాడు. ఆయన అలా దిగాడో లేదో, తెల్లటి చార! నేను అరిచిన అరుపుకు నాన్న పరిగెత్తుకుంటూ పైకి వచ్చాడు. చార మాయం. "ఇప్పుడే వచ్చింది నాన్నా!" అంటే, "ఏదీ?" అన్నాడు. ఇంకాసేపు చూసి మళ్లీ దిగాడు. మళ్లీ చార. కాసేపు ఉండి ఆగింది. మళ్లీ వచ్చింది.

"గీ పైనోళ్లకు ప్రెసిడెంటు అన్న అంటే భయమున్నట్టుంది" అంది అత్తమ్మ, పాపం, మనస్ఫూర్తిగానే.

మేడం నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది. "ఆకాశంల నుంచి వచ్చేదైతే రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరగాలె. భూమి తిరుగుడు లెక్క అట్లుంటది. ఇది జరుగుతుందా?"

"లేదు మేడం. నల్లా వచ్చిన రోజు, నల్లా వేళకే."

"అయితే?"

జన్మలో ఆ మాట అంత గట్టిగా నాకెప్పుడూ తగల్లేదు. పిట్టగోడ మీంచి వంగి చూశాను. కింద నల్లా గుంత దగ్గర నాన్న గొంతుకూర్చుని ఉన్నాడు. (పిల్లులు పడతాయని దానికి రేకు మూత వేసి తాళం పెట్టేవాడు. మా గల్లీ చరిత్రలో ఏ పిల్లీ నల్లా గుంతలో పడలేదు.) మూత తీసి ఉంది. గోనెసంచి కింద పాత మోటారు. దాని స్విచ్ మీద మా నాన్న చెయ్యి. కాసేపు నడిపి ఆపుతాడు. ఎవరైనా విన్నారేమోనని మెడ చాచి గల్లీ అటూ ఇటూ చెవి పెడతాడు. ఎవరూ లేరని తేలాక మళ్లీ వేస్తాడు. ఎక్కడో వదులైన తీగ నిప్పురవ్వలు రాలుస్తున్నట్టుంది, ఆ చిటపటలే నా తెర మీద అంతరిక్ష సందేశాలు. మోటార్ల మీద యుద్ధం ప్రకటించిన మనిషే, ఎన్నాళ్ల నుంచి గుంజుతున్నాడో!

"ఏమైంది బిడ్డా? ఎవరంట?" అని అత్తమ్మ పిట్టగోడ వైపు వస్తోంది. ఒక్క మాట చెబితే నేను గెలిచినట్టే, డబ్బా నిజంగా పనికొచ్చేదే పట్టింది. కానీ ఆ మాటతో నాన్న ఈ గల్లీలో తలెత్తుకోలేడు. నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్తమ్మకు అడ్డంగా నిలబడి, "ఏం లేదత్తమ్మా, ఉత్త చప్పుడే. నేనే పొరపాటు పడ్డా" అన్నాను. గట్టిగానే అన్నాను, కిందికి వినబడేట్టు. నాన్న తలెత్తి చూశాడు. పైనుంచి నేను, కిందినుంచి ఆయన. అంతసేపు మేమిద్దరం ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

మేడం టీ తాగి, డబ్బాను తట్టి, "వినుడైతే వచ్చింది నీకు" అని వెళ్లిపోయింది. అత్తమ్మ "పోనీలే బిడ్డా, కోచింగ్ల మంచి దోస్తులు దొరుకుతరు" అని ఓదార్చింది. నాన్న మాత్రం అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ, నా ముఖం చూడకుండా అడిగాడు. "ఆ ఎమ్మెస్సీకి ఎప్పుడు అప్లై చేయాలె?" అంతే. తర్వాతి నల్లా రోజున నా తెర మీద నీలం తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం చూసి అంత సంతోషించిన వాళ్లు నా శాస్త్రంలో ఇంకెవరూ ఉండరు. ఎదురింట్లో బిందెలు నిండుతున్న చప్పుడు మాత్రం మేడ మీదికి వినిపించింది. "అన్నా, నువ్వు ఎవరిని బెదిరించినవో గనీ, నీళ్లు మంచిగొస్తున్నయ్" అని అత్తమ్మ పొగిడితే, నాన్న మొదటిసారి ఉపన్యాసం ఇవ్వకుండా లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా ఉద్యోగమే అది. పెద్ద టెలిస్కోపు విన్నదాంట్లో మనుషుల చప్పుళ్లు ఏరి పక్కన పెట్టి, మిగిలినదాంట్లో ఎవరైనా ఉన్నారా అని వెతకడం. ఇంతవరకూ ఎవరూ పలకలేదు. నాన్న ఫోను చేసిన ప్రతిసారీ "ఏమన్నా పలికిన్రా?" అని అడుగుతాడు. మోటారు ఊసు మా మధ్య ఏనాడూ రాలేదు. మొన్న నేను విసుగ్గా "లేదు నాన్నా, అసలు ఉన్నరో లేరో" అన్నాను. "ఉంటరు బిడ్డా. మనం వింటున్నమని తెలిసి, బంద్ చేసి కూసున్నరేమో. జర ఓపిక పట్టు" అన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. నూనె డబ్బా పక్కన చెమట చేతులతో కూర్చున్న ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, నీకు దొరికింది నిజం సిగ్నలే తల్లీ అని చెప్పాలనిపించింది.