చెంచాతో నీళ్లు తాగే మొక్క

జడలోకి పనికిరాదు. వాసన లేదు. కూరకు రాదు, మేకలు కూడా మూతి పెట్టవు. అలాంటి మొక్కకు మా ఆవిడ ఆత్మకూరులోని మా వంటింటి కిటికీ మొత్తం రాసిచ్చేసింది. పేరు ఆఫ్రికన్ వయొలెట్. ఉదయగిరి బడిలో తనతో పనిచేసిన టీచరమ్మ ఒక ఆకు తుంచి తడిగుడ్డలో చుట్టి ఇస్తే, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆ టీచరమ్మ తర్వాత బదిలీ మీద వెళ్లిపోయింది, ఆమె మొక్కా చచ్చిపోయింది. తెల్ల అంచున్న ఆ ఊదారంగు పువ్వు ఇక మా కిటికీలోనే మిగిలింది.

ఆ ఆకు కుండీ నిండా మొక్కయ్యాక, మా ఆవిడ దాని ఆకులను కాడలతో సహా కోసి, కాడ చివరలు ఏటవాలుగా చెక్కి, కొబ్బరిపొట్టు, ఇసుక కలిపిన పెరుగు డబ్బాల్లో గుచ్చింది. నీళ్లు చెంచాతో పోసేది, ఆకుకు తగలకుండా, డబ్బా అంచు వెంట. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

“ఏందే, ఉగ్గు పెడతా ఉండావా?” అన్నాను ఒకరోజు.

“ఆకు తడిస్తే కుళ్లిపోతాది. చెప్పినా మీకు ఎక్కదులెండి.”

“వానలో తడవంది కూడా ఒక చెట్టేనా? మా సీతారామపురంలో అయితే...”

“మీ సీతారామపురంలో వాన పడితే కదా.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. మాది మెట్టసేద్యం. తొలివానకు గొడుగు తీస్తే మా నాయన తిట్టేవాడు.

ఎండాకాలం చివర ఒక ఆదివారం, ఆమె చర్చిలో స్త్రీల కూడికకు ఉండిపోయినప్పుడు, వాన దిగింది. కుండీని, డబ్బాలన్నిటినీ మోసుకెళ్లి పెరట్లో పెట్టాను. పాపం, మొక్కల మీద జాలిపడ్డానని ఆమెకు తర్వాత చెప్పాను. అబద్ధం. అవి వానకు నవనవలాడుతుంటే చూపించి, ఆ చెంచాను ఆమె కళ్లముందే ఎంగిలి గిన్నెల్లో పడేయాలనుకున్నాను. ఆ నీచపు సరదా కోసం ఒక్కో డబ్బానూ ఎంత శ్రద్ధగా మోశానో. ఆమె కోసం ఒక బిందె నీళ్లు అంత శ్రద్ధగా మోసిన పాపాన పోలేదు. వాన వెలిసి ఎండ చురుక్కుమనేసరికి, గెలిచినవాడిలా గుర్రుపెట్టి నిద్రపోయాను.

ఆమె వచ్చి, నీళ్లు నిండిన డబ్బాలు ఎండలో కాగుతుంటే చూసింది.

“ఇప్పుడు పడిందిలెండి మీ వాన,” అంది.

వారం తిరిగేసరికి ఆకులకు మచ్చలొచ్చాయి, కాడలు మెత్తబడ్డాయి. కుండీలో మొక్క నడిమధ్య నల్లగా కుళ్లింది. అడుగు వరసలో, పై ఆకుల చాటున, గట్టిగా ఉన్న ఆకు ఒక్కటే దొరికింది. దాన్ని గుచ్చిన డబ్బా ఈసారి వంటింట్లో పెట్టలేదు, తన కుట్టుమిషను పక్క కిటికీలో పెట్టుకుంది.

“దీన్ని మాత్రం ముట్టబాకండి.”

రెండు నెలలు దాటాక, ఆమె బజారుకు పోయినప్పుడు, దొంగలా వెళ్లి చూశాను. కాడ మొదట్లో ఎలుక చెవంత ఆకు పొట్టును చీల్చుకుని వచ్చింది. ఆమె ఎప్పుడో చూసే ఉంటుంది. నన్ను పిలవలేదు. పొట్టు ఎండిపోయి ఉంది. పక్కనే చెంచా. నేను చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేసి, వాకిట్లో కూర్చున్నాను.

ఆమె గేటు తీయగానే, “పొట్టు ఎండిపోయుండాది,” అన్నాను.

“ముట్టినారా?”

“లేదు.”

సంచీ అయినా దించకుండా లోపలికి వెళ్లి, తానే చూసుకుంది. నమ్మకపోవడమే సబబు.